చారల రంగు చూశాకే పర్సు తీయండి

స్ట్రెచ్ మార్క్స్‌కి మంచి క్రీము ఇవ్వమని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది ఒక్కటే: చార ఏ రంగులో ఉంది? నేను ఫార్మసిస్టుని, తెనాలిలో మెడికల్ షాపు నడుపుతున్నాను. ఖరీదైన ట్యూబు అమ్మితే నాలుగు రూపాయలు మిగిలేది నాకే. అయినా సరే, చారలు తెల్లబడి ఏళ్లయిందని చెబితే ఆ ట్యూబు అల్మరాలోంచి తీయను. ఎర్రగానో వంగపండు రంగులోనో ఉన్నాయంటే మాత్రం కుర్చీ చూపించి కూర్చోమంటాను. అప్పుడు మాట్లాడుకోవాల్సింది చాలా ఉంటుంది.

రంగు చూడటానికి బాత్రూం బల్బు వెలుతురు పనికిరాదు. పగటిపూట కిటికీ పక్కన నిలబడి చూసుకోండి. పచ్చని ఒళ్లున్నవాళ్లకి కొత్త చార గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటుంది. మనలో ఎక్కువమందిది చామనఛాయ, లేదా నలుపు. మన ఒంటి మీద అదే చార ముదురు గోధుమ రంగులోనో ఊదాగానో కనిపిస్తుంది, అందుకే ఏదో మచ్చలే అనుకుని వదిలేస్తారు. వేలితో తడిమి చూడండి. కొత్తది కొంచెం ఉబ్బుగా తగులుతుంది, దురద కూడా పెడుతుంది. పాతది లోపలికి దిగి, పలచబడి, చుట్టుపక్కల చర్మం కన్నా లేత రంగులో మెరుస్తూ ఉంటుంది. కొత్త చార తెల్లబడటానికి కొన్ని నెలల నుంచి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. మందుకి ఏమైనా పని ఉంటే ఆ కాలంలోనే.

చర్మం పై పొర కింద డెర్మిస్ అని దళసరి పొర ఉంటుంది. దానికి బిగువునిచ్చేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు. ఒళ్లు వేగంగా పెరిగినప్పుడు, లేదా ఆ పోగులు ముందే బలహీనపడి ఉన్నప్పుడు, అవి తెగుతాయి. పట్టుచీరలో పోగు జారితే సర్దుకుని కట్టుకోగలం గానీ ఆ చోట మళ్లీ నేయలేం, ఇదీ అంతే. ‘పూర్తిగా మాయం’ అని రాసి ఉన్న ఏ అట్టపెట్టెనూ నమ్మొద్దని చెప్పేది ఇందుకే. చార రంగు తగ్గుతుంది, వెడల్పు కొంచెం తగ్గుతుంది, చూపుకి అంతగా ఆనకుండా పోతుంది. అంతవరకే ఆశపడండి.

రంగు చూశాక రెండో ప్రశ్న, ఎందుకు వచ్చాయి అని. గర్భం, ఎదిగే వయసు, బరువు పెరగడం, జిమ్ము, ఇవన్నీ తెలిసినవే. అమ్మకి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. మా షాపుకి వచ్చేవాళ్లలో నన్ను బాగా చికాకు పెట్టే కారణం మాత్రం ఇవేవీ కాదు, తామర క్రీము.

గజ్జల్లో తామర పుడుతుంది. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి వెళ్లరు. పక్కింటివాళ్లు వాడిన ఖాళీ ట్యూబు జేబులో పెట్టుకొచ్చి, ‘ఇదే ఇవ్వండి, రెండు రోజుల్లో తగ్గిపోతుందంట’ అంటారు. నిజమే, దురద రెండు రోజుల్లో తగ్గుతుంది. ఎందుకంటే ఆ ట్యూబులో తామర మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. దురద పోయింది కదా అని మానేస్తే మళ్లీ లేస్తుంది, మళ్లీ రాస్తారు. ఇలా నెలల తరబడి సాగుతుంది. గజ్జల్లో, చంకల్లో చర్మం సహజంగానే పలచన, పైగా మడత పడి చెమ్మగా ఉంటుంది కాబట్టి మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. స్టెరాయిడ్ కొల్లాజెన్‌ని తినేస్తుంది. తామర తగ్గకపోగా పాకుతుంది, తొడల లోపలివైపు వేలెడు వెడల్పున ఊదారంగు చారలు పడతాయి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో కూడా చూస్తున్నాను. ఈ రకం చారలు మామూలువాటి కన్నా మొండివి.

కాబట్టి చార తొడల మధ్యనో, చంకలోనో, మోచేతి మడతలోనో ఉంటే, అక్కడ ఇంతకుముందు ఏ క్రీము రాశారో గుర్తు చేసుకోండి. ట్యూబు ఉంటే వెనక తిప్పి చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, ఇలాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడే. ముఖం తెల్లబడటానికని అమ్మే కొన్ని క్రీముల్లోనూ ఇవి ఉంటాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఒంటికి రాసే స్టెరాయిడ్లు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడిగినందుకు నాతో పోట్లాడి పక్క షాపుకి పోయినవాళ్లున్నారు. పోనీండి. చారలకి ఏ మందూ రాయకముందే చేయాల్సిన పని ఆ ట్యూబు పట్టుకుని చర్మ డాక్టరుని కలవడం. తామరకి సరైన మందు రాసి, దీన్ని ఎలా మానాలో ఆయనే చెబుతారు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆస్తమాకో కీళ్లవాతానికో డాక్టరు ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు వాడుతూ చారలు వచ్చాయని ఉన్నట్టుండి ఆపేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. అడిగి, మెల్లగా తగ్గించాలి. కంపెనీ పేరు లేని చూర్ణాలు, కీళ్ల నొప్పులకి ‘ఒక్క మోతాదుతో’ నయం చేసే పొడులు మింగుతుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకి దాచకండి. వాటిలో స్టెరాయిడ్ కలిపిన కేసులు మన దేశంలో చాలాసార్లు బయటపడ్డాయి.

చారలతో పాటు ముఖం గుండ్రంగా ఉబ్బడం, మెడ వెనక కొవ్వు చేరడం, పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడటం, చిన్నదానికే ఒళ్లు కమిలిపోవడం, బీపీ, షుగర్ కొత్తగా రావడం, ఇవి కనిపిస్తే అది క్రీముతో పోయే వ్యవహారం కాదు. చార సెంటీమీటరు వెడల్పు దాటి ముదురు ఊదాగా ఉంటే మరీ అనుమానించాలి. ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువైతే వచ్చే కుషింగ్స్ సిండ్రోమ్ ఇలాగే బయటపడుతుంది. ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక గర్భిణులు. సాధారణంగా ఆరో నెల దాటాక పొట్ట మీద చారలు మొదలవుతాయి. ‘గోకితే చారలు పడతాయి’ అని మా అత్తగారి తరం గట్టిగా చెప్పేది. అది నిజం కాదు. చర్మం సాగి పొడిబారి దురద పెడుతుంది, అదే చోట చారలూ వస్తాయి, నేరం గోళ్ల మీద పడింది. గోకితే చర్మం చీరుకుని పుండ్లు పడొచ్చు, అందుకని మానండి, అంతే. పొట్టకి గుడ్డ బిగించి కట్టుకుంటే చారలు రావన్నది కూడా వట్టి మాటే.

నూనెల గురించి అందరూ అడుగుతారు. కొబ్బరినూనె, నువ్వులనూనె, బాదంనూనె, ఆలివ్ నూనె, కోకో బటర్. గర్భంతో ఉన్నప్పుడు రాసే పూతలపై జరిగిన పరిశోధనల్ని, వైద్య ఆధారాల్ని జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2012లో కలిపి చూసింది. ఇవి చారల్ని ఆపుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదు. అదే ఏడాది తుర్కియేలో తొలిచూలు గర్భిణుల మీద చేసిన ఒక అధ్యయనం ప్రచురించారు. బాదంనూనె ఊరికే పూసుకున్నవాళ్లకి పెద్ద తేడా లేదు, నూనెతో పాటు పావుగంట మర్దన చేసుకున్నవాళ్లకి చారలు తక్కువగా వచ్చాయి. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం. అయినా నేను ఇచ్చే సలహా దానికి దగ్గరగానే ఉంటుంది: ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలు, లేదా వాసన లేని మామూలు మాయిశ్చరైజర్. స్నానం చేశాక ఒంటి మీద కొంచెం తడి ఉండగానే పొట్ట, తొడలు, పిర్రలు, రొమ్ముల పక్కల మెత్తగా, నొక్కకుండా రుద్దుకోండి. చారలు ఆగినా ఆగకపోయినా దురద మాత్రం తగ్గుతుంది. గర్భిణి బొమ్మ వేసిన సీసాకి పదింతలు పోయకండి.

తిండి సంగతి. ‘ఇద్దరి తిండి తినాలమ్మా’ అని పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. మామూలు బరువుతో గర్భం దాల్చిన మనవాళ్లకి తొమ్మిది నెలల్లో 10–12 కిలోలు పెరగడం సరిపోతుందని సాధారణంగా చెబుతారు. అంతకు మించి, అదీ గబగబా పెరిగితే చారలు ఎక్కువవుతాయి. అలాగని కడుపు మాడ్చుకోవద్దు. మీ డాక్టరమ్మ ప్రతి చెకప్‌లో బరువు రాస్తుంది కదా, ఆ అంకె అడిగి తెలుసుకోండి.

గర్భంలో రెండు రకాల దురదల్ని తేలిగ్గా తీసుకోకూడదు. నెలలు నిండే సమయంలో చారల మీదే ఎర్రటి దద్దుర్లు లేచి, బొడ్డు చుట్టూ మాత్రం వదిలేసి పాకితే, అది బిడ్డకి హాని చేయని ఒక చర్మ సమస్యే, కానీ మందు కావాలి. దద్దురు ఏమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే అది కాలేయానికి సంబంధించినది కావచ్చు, బిడ్డకి ప్రమాదం ఉంటుంది. తెల్లారాక నూనె రాసి చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పు అయ్యి, చారలు ఇంకా ఎర్రగా ఉన్నప్పుడే అసలు మందు గురించి ఆలోచించాలి. దాని పేరు ట్రెటినోయిన్, విటమిన్ ఎ జాతిది. మొటిమలకి వాడే రెటినో-ఎ క్రీములో ఉండేది ఇదే. కొత్త చారల మీద ఓ మాదిరి ఆధారం ఉన్న పూత మందు ఇది. 1996లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 22 మందిని తీసుకుని, కొందరికి 0.1 శాతం ట్రెటినోయిన్ క్రీము, మిగతావాళ్లకి మందు లేని క్రీము ఇచ్చి 24 వారాలు రాయించారు. మందు రాసినవాళ్ల చారల పొడవు సగటున 14 శాతం, వెడల్పు 8 శాతం తగ్గాయి. ఆరు నెలలు రోజూ రాస్తే దక్కింది అది. చిన్న అంకెలే, కానీ ‘మూడు వారాల్లో మాయం’ అని అరిచే డబ్బాల కన్నా నాకు వీటి మీదే నమ్మకం.

ఒక షరతు ఉంది, దాని దగ్గర నేను ఎవరికీ తలవంచను. గర్భంతో ఉన్నా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా ట్రెటినోయిన్ వద్దు. కాస్మెటిక్ క్రీముల్లో ఉండే రెటినాల్ కూడా వద్దు. పాలిచ్చే తల్లులు పిల్లల డాక్టరునీ చర్మ డాక్టరునీ అడగకుండా మొదలుపెట్టొద్దు, ముఖ్యంగా రొమ్ముల మీద అసలు రాయొద్దు. పాలిచ్చే నెలలూ చారలు ఎర్రగా ఉండే నెలలూ ఒక్కటే కావడం మన దురదృష్టం. ఈలోపు ఏమైనా రాసుకోవాలనిపిస్తే తేమ పట్టి ఉంచే హైలురోనిక్ యాసిడ్, సరస్వతి ఆకు సారం ఉన్న క్రీములు ఉన్నాయి. వీటికి ఆధారం అంతంతమాత్రం, హాని కూడా పెద్దగా లేదు.

డాక్టరు ట్రెటినోయిన్ రాశారనుకుందాం. ఎలా రాయాలో చీటీలో ఉండదు, కౌంటరు దగ్గర చెప్పేది నేనే. సాధారణంగా 0.025 శాతంతో మొదలుపెడతారు. రాత్రిపూట మాత్రమే. స్నానం చేసి వెంటనే కాదు, ఒళ్లు పూర్తిగా ఆరాక, ఓ ఇరవై నిమిషాలు ఆగి రాయాలి, తడి మీద మంట పుడుతుంది. అరచెయ్యంత చోటుకి శనగ గింజంత క్రీము చాలు. చార మీదుగా పలచగా, అది పాకిన దారిలోనే వేలితో రాయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, అదీ ఎక్కువనిపిస్తే వారానికి రెండు రాత్రులు. పైన మాయిశ్చరైజర్ రాసుకుంటే పొట్టు లేవడం తగ్గుతుంది. కాస్త ఎర్రబడటం, పొడిబారడం మామూలే. మండి, నీరు కారితే ఆపేసి డాక్టరుకి చూపించాలి. మన రంగు ఒంటి మీద మంట పుట్టిన చోట నల్లమచ్చ మిగిలిపోవచ్చు, కాబట్టి ‘మండితేనే పనిచేస్తున్నట్టు’ అనే ధైర్యం ఇక్కడ చెయ్యొద్దు. చెయ్యి, మెడ లాంటి ఎండ తగిలే చోట్ల పగలు సన్‌స్క్రీన్ తప్పదు. గజ్జల మడతల్లో దీన్ని సొంతంగా రాసుకోవద్దు.

నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు. ఆరు నెలల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసినా ఏమీ కనిపించకపోతే ట్యూబు కొనడం ఆపేయండి.

వంటింటి వైద్యాల మీద రెండు ముక్కలు. శనగపిండి నలుగు, ఆముదం, కలబంద గుజ్జు, వీటితో చారలు పోవు గానీ ఒంటికి మంచిదే, సరదా ఉంటే కానివ్వండి. నిమ్మకాయ మాత్రం వద్దే వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నెలల తరబడి పోని నల్లమరకలు పడతాయి. వంటసోడా, టూత్‌పేస్టు కూడా వద్దు. విటమిన్ ఇ గుళికలు చిదిమి రాయడం ఇప్పుడు ఫోన్లలో బాగా తిరుగుతోంది. ఫలితం నిరూపణ కాలేదు, కొందరికి దద్దుర్లు వస్తాయి. కాఫీపొడితో గరగరా రుద్దితే చార ఉన్నది పై పొరలో కాదు కాబట్టి దానికి తెలియను కూడా తెలియదు.

తెల్లబడిన చారలకి ఏమైనా చేయాలంటే డాక్టరు చేతిలోనే ఉంది. మైక్రోనీడ్లింగ్, అంటే సన్నటి సూదులతో గుచ్చి కొత్త కొల్లాజెన్ పుట్టించడం. అదే సూదుల కొనలకి రేడియో తరంగాల వేడి కలిపే పద్ధతి ఒకటి. చర్మం మీద చుక్కలు చుక్కలుగా పడే ఫ్రాక్షనల్ లేజర్లు ఒకటి. ఎర్ర చారలకైతే రక్తనాళాల మీద పనిచేసే పల్స్‌డ్ డై లేజర్ ఉంది. ఏదైనా ఒక్క సిట్టింగుతో తేలదు, నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో చాలాసార్లు వెళ్లాలి, ప్రతిసారీ వేలల్లో ఖర్చు. చామనఛాయ, నల్లటి ఒళ్లకి లేజర్ వేడితో చుట్టూ నల్లబడే ప్రమాదం తెల్లవాళ్ల కన్నా ఎక్కువ. అందుకే డబ్బు కట్టకముందే ఇవి అడగండి: చేసేది చర్మ డాక్టరేనా, సహాయకులా? నా రంగు ఒంటి మీద ఏ మిషను, ఎంత తీవ్రతతో పెడతారు? ముందు చిన్న చోట చేసి నెల ఆగి చూద్దామా? మూడో ప్రశ్నకి ‘అక్కర్లేదమ్మా’ అని తోసేస్తే లేచి వచ్చేయండి. ఇంకో కాన్పు ఆలోచన ఉంటే అది అయ్యేదాకా ఈ ఖర్చు వాయిదా వేయడం మంచిది. ఆన్‌లైన్లో దొరికే డెర్మారోలర్, అంటే సూదులున్న చిన్న చక్రం తెప్పించుకుని ఇంట్లో దొర్లించుకోవడం మాత్రం వద్దు. ఇన్‌ఫెక్షన్ వస్తే చార పక్కన గాయం మచ్చ కూడా చేరుతుంది.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల తల్లులు కంగారుపడి వస్తారు. ఆడపిల్లకి తొడల మీద, పిర్రల మీద, ఒక్కసారిగా పొడుగైన మగపిల్లాడికి నడుం మీద అడ్డంగా చారలు. ఎవరో బెల్టుతో కొట్టారా అని అనుమానించిన తల్లి కూడా ఉంది. ఎదుగుదల చారలు చాలామటుకు కాలంతో పాటు వెలిసిపోతాయి. పిల్లలకి ఏ క్రీమూ కొనకండి, అందరి ముందూ ఎత్తి చూపకండి. జిమ్ముకి పోయే కుర్రాళ్లకి భుజాల దగ్గర, చంక ముందు వస్తే బరువులు నిదానంగా పెంచమని చెప్పండి. కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా తీసుకుంటున్నాడేమో ఆరా తీయండి.

మిగిలింది కప్పిపెట్టడం. పెళ్లికో ఓణీల ఫంక్షనుకో టైము దగ్గరపడితే మందులన్నీ వదిలేసి దీనికి రండి. ఎండలో తిరిగి ఒళ్లు నల్లబడితే తెల్ల చార ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే చుట్టూ చర్మం నల్లబడుతుంది, చార నల్లబడదు. అందుకని ముందు వారాల్లో నడుముకీ చేతులకీ ఎండ తగలనీయకండి. ఆ రోజుకి నీళ్లకి పోని బాడీ కన్సీలర్ వాడండి, రంగు ఎంచుకునేటప్పుడు ముఖానికి కాదు, నడుముకి పెట్టి చూడండి. ముఖమూ నడుమూ ఒకే రంగులో ఉండేవాళ్లు అరుదు. చార మీద వేలితో అద్ది, రుద్దకుండా, పొడి వేసి రెండు నిమిషాలు ఆరనివ్వాలి. అప్పుడు చీర కట్టండి. రెండు మూడు రోజుల ముందే ఒకసారి రాసుకుని, పాత జాకెట్టు వేసుకుని ఓ పూట తిరిగి చూడండి, మన చెమటకి ఏది నిలుస్తుందో ఏది అంటుకుంటుందో అప్పుడే తేలుతుంది. లేత రంగు పట్టుకి అంటితే డ్రై క్లీనింగుకి ఇవ్వాల్సిందే, ఇంట్లో సబ్బు పెట్టకండి.